గరగర ఉంచినచోటే గొంతు బతికింది: పాత జాజ్, బ్లూస్ డబుల్ సీడీ గురించి

రెండు సీడీలు, నలభై పాటలు. 1923 నుంచి 1944 దాకా అమెరికాలో గ్రామఫోను ప్లేట్ల మీదికెక్కిన జాజ్, బ్లూస్ (అక్కడి నల్లవాళ్ళ దగ్గర పుట్టిన సంగీతాలు) పాటల్లోంచి నెమ్మదిగా, దిగులుగా నడిచేవి ఏరి ఒకచోట పెట్టారు. అట్ట మీద ‘వింటేజ్ జాజ్ అండ్ బ్లూస్’ అని తప్ప ప్రత్యేకంగా పేరేమీ లేదు. నల్ల అట్ట, మూలన చిన్న ట్రంపెట్ బొమ్మ. చెన్నై రిచీ స్ట్రీట్‌కి యాంప్లిఫయర్ సామాను కోసం పోయినప్పుడు, పక్క సందులో పాత సీడీలు అమ్మే ఆయన దగ్గర దొరికింది. నాలుగొందలు చెప్పి మూడొందల యాభైకి ఇచ్చాడు.

నాకు కావలిలో మైక్‌సెట్టు షాపు ఉంది. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, చర్చి కూటాలు, ఎలక్షన్ మీటింగులు, పద్యనాటకాలు, అన్నిటికీ మా సెట్టు పోతుంది. ఎవరి గొంతు ఎట్లా పలుకుతుంది, ఏ వాద్యం ఎక్కడ వినపడకుండా పోతుంది, ఇదే మా పని. అందుకని ఇక్కడ కూడా శబ్దం గురించే ఎక్కువ రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్లేటు మీద ఉన్న శబ్దాన్ని ముట్టుకోకుండా వదిలేసిన పాటల్లో ఈ సెట్టు అద్భుతంగా ఉంది. శుభ్రం చేద్దామని చెయ్యి పెట్టినచోట పాట పోయింది. ఇంకోటి, వెనక వాయించినవాళ్ళ పేర్లు ఎక్కడా వెయ్యలేదు. ఆ సంగతి నాకు చాలా బాధ కలిగించింది.

మొదటి సీడీలో మూడో పాట ‘సెయింట్ లూయిస్ బ్లూస్’. డబ్ల్యూ.సి. హ్యాండీ 1914లో అచ్చు వేయించిన పాట. దీన్ని బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1925 జనవరి 14న న్యూయార్కులో కొలంబియా కంపెనీకి పాడింది. అప్పటికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు. పక్కన కార్నెట్ (ట్రంపెట్ లాంటి పొట్టి బూర) ఊదిన కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, వయసు ఇరవై మూడు. మూడో మనిషి ఫ్రెడ్ లాంగ్‌షా. ఆయన వాయించింది హార్మోనియం.

ఈ పాటల్లో హార్మోనియం ఎక్కడి నుంచి వచ్చిందని ఆపి మళ్ళీ మొదటినుంచి పెట్టాను. నిజంగా హార్మోనియమే. డ్రమ్ము లేదు, పియానో లేదు, తాళం చూపించేది ఏదీ లేదు. రీడ్ల నాదం కింద నిలబడి ఉంటుంది, దాని మీద బెస్సీ గొంతు నడుస్తుంది. పొద్దు గుంకడం నేను చూడలేను అని ఎత్తుగడ. అదే మాట రెండోసారి అంటుంది, మూడో వరసలో ఎందుకు చూడలేనో చెబుతుంది. చాలా బ్లూస్ పాటలకి ఇదే కట్టుబడి: చెప్పిన మాటే మళ్ళీ చెప్పి, ఆ తర్వాత కారణం చెప్పడం. బెస్సీ వరస పూర్తిచేసి ఊపిరి తీసుకునే చోట కార్నెట్ అందుకుంటుంది. ఆమె వదిలిన చోటే పట్టుకుని నాలుగు స్వరాలు పలికి పక్కకి తప్పుకుంటుంది. తర్వాత జాజ్‌లో ఎంతో పేరు తెచ్చుకున్న ఆ కుర్రాడి దగ్గర సత్తాకి తక్కువ లేదు. అయినా ఆమె మాటని ఎక్కడా తొక్కడు.

పద్యనాటకం చూసినవాళ్ళకి ఈ పద్ధతి బాగా తెలుసు. వేషధారి పద్యం ఎత్తుకుని, రాగం తీసి ఒక స్వరం మీద నిలిపి ఆగుతాడు. ఆగిన ఆ క్షణంలో హార్మోనియం మేష్టారు ఆ స్వరాన్ని అందుకుని, తిప్పి, మళ్ళీ పాడేవాడి చేతికిచ్చి తగ్గిపోతాడు. నాటకం మైకు కట్టేటప్పుడు మేము ముందు చూసేది ఇదే. పాడేవాడికి ఒక మైకు, హార్మోనియానికి ఒక మైకు పెడితే సరిపోదు. ఆ రెంటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం జనానికి వినపడాలి. హార్మోనియం ఒక పాయింటు పెరిగితే గొంతు మునిగిపోతుంది, ఒక పాయింటు తగ్గితే పాడేవాడికి ఆధారం పోతుంది.

కాళ్ళతో తొక్కే హార్మోనియం మీద చేయి తిరిగిన మేష్టారు ఒకాయన అల్లూరు వైపు నుంచి అప్పుడప్పుడు మా షాపుకి వస్తారు. ఎనభై దాటిన మనిషి. హరిశ్చంద్ర కాటి సీనుకి ఆయన వాయిస్తే జనం తెల్లారేదాకా కదిలేవాళ్ళు కాదు. ఏమీ చెప్పకుండా ఈ పాట పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నారు. కాసేపటికి కుడిచెయ్యి బల్ల మీద కదలడం మొదలైంది.

“ఎవరబ్బయ్యా ఆ పెట్టె మీద ఉండేది?”

“ఫ్రెడ్ లాంగ్‌షా అంట మేష్టారూ. అమెరికా ఆయన.”

“పాడే తల్లికి ఊపిరి తీసుకునేదానికి సందిస్తుండాడు చూడు. తొందర పెట్టడంలా. ఆయమ్మ ఎంతసేపు నిలిపితే అంతసేపు బెల్లో పట్టుకోనుండాడు. అట్టా పట్టాలంటే పాట ముందే తెలిసుండాలయ్యా.”

మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి విని, “ఈయన పేరు వేశారా అట్ట మీద?” అని అడిగారు. లేదన్నాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. మన దగ్గర కూడా అంతే కదా. నాటకం పోస్టరు మీద కృష్ణుడి పేరు, అర్జునుడి పేరు, ఖర్చు పెట్టుకున్న పెద్దమనిషి పేరు ఉంటాయి. హార్మోనియం వాయించినాయన పేరు ఉంటే అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. ఈ సెట్టు వేసినవాళ్ళు కూడా పాట పేరు, గాయని పేరు, సంవత్సరం ఇచ్చి ఊరుకున్నారు. ఎనిమిది పేజీల పుస్తకంలో నాలుగు పేజీలు ఖాళీ, పొగ కమ్మిన ఫొటోలు. ఆ ఖాళీలో ఈ పేర్లన్నీ పట్టేవి.

ఈ పాట రికార్డయిన పద్ధతి కూడా తెలిస్తే వినడం మారుతుంది. ఆ జనవరిలో స్టూడియోలో ఇంకా మైకు లేదు. పెద్ద బూర ముందు నిలబడి పాడాలి. గొంతు బలమే బూర చివరన ఉన్న పలచటి రేకుని కదిలించాలి, ఆ కదలికే సూదితో మైనం మీద గీత గియ్యాలి. కరెంటు సాయం ఏమీ లేదు. అందుకే మెల్లగా పాడేవాళ్ళు అప్పట్లో ప్లేట్ల మీద నిలబడలేకపోయారు. బెస్సీ స్మిత్ డేరాల్లో, థియేటర్లలో మైకు లేకుండా వెనక వరసదాకా వినిపించిన మనిషి. ఆమె గొంతు ఆ బూరని నింపేసింది. ఇందులో ఉన్న శక్తి అరుపుది కాదు, గుండెలో నుంచి తిన్నగా వచ్చే గాలిది. మైకు లేని రోజుల్లో పాడిన మన పాతతరం నటుల రికార్డులు విన్నవాళ్ళు ఈ గాలిని ఇట్టే గుర్తుపడతారు.

ఆ సంవత్సరమే మైకు వచ్చేసింది. కరెంటు రికార్డింగు మొదలయ్యాక మెల్లటి గొంతులకి, గుసగుసలకి దారి దొరికింది. ఈ మార్పుని చెవితో పట్టుకోవడానికి ఈ సెట్టు చాలా బాగా పనికొస్తుంది. 1923లో బెస్సీ పాడిన ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ విని, వెంటనే రాబర్ట్ జాన్సన్ ‘కమాన్ ఇన్ మై కిచెన్’ వినండి. ఇది 1936 నవంబర్ 23న టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో ఒక హోటల్ గదిలో రికార్డయింది. పాట మధ్యలో జాన్సన్ పాడటం ఆపి, గాలి ఎట్లా ఊళ పెడుతోందో వినపడటం లేదా అని మాటగా అంటాడు. దాదాపు గుసగుస. వెంటనే గిటారు తీగ మీద ఆ గాలి శబ్దం తీస్తాడు. బూర ముందు ఈ మాట అని ఉంటే మైనం మీద గీత కూడా పడేది కాదు. నవంబర్‌లో తుఫాను గాలికి కిటికీ రెక్కలు కొట్టుకునే కోస్తాలో ఉన్నవాళ్ళం, ఆ నాలుగు సెకన్లు మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. జాన్సన్ మొత్తం మీద రికార్డు చేసింది 29 పాటలే. ఇరవై ఏడేళ్ళకి, 1938లో పోయాడు. నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యంతో బేరం పెట్టుకున్నాడనే కథ ఆయన పేరు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ కథ పక్కన పెట్టి ఆయన బొటనవేలు వినండి. పైతీగల మీద పాటకి జవాబు చెబుతూ, అదే చేత్తో కింద తీగ మీద నడక ఆపడు.

మొదటి సీడీకి గుండెకాయ అనదగ్గది బ్లైండ్ విల్లీ జాన్సన్ పాట ‘డార్క్ వాజ్ ద నైట్, కోల్డ్ వాజ్ ద గ్రౌండ్’. 1927 డిసెంబర్ 3న డల్లాస్‌లో రికార్డయింది. మూడు నిమిషాల పైచిలుకు పాటలో ఒక్క మాట కూడా లేదు. గిటారు తీగ మీద స్వరం జారుతుంది, అదే స్వరాన్ని ఆయన నోరు మూసుకుని మూలుగుతాడు. కొన్నిచోట్ల గొంతు ముందు, కొన్నిచోట్ల తీగ ముందు. గెత్సెమనే తోటలో, నేల మీద పడి క్రీస్తు చేసిన ప్రార్థన గురించి ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దంలో రాసిన ఒక కీర్తన ఉంది. పాట పేరు దాని మొదటి వరస నుంచి వచ్చింది. విల్లీ జాన్సన్ దేవుడి పాటలే పాడాడు. అందుకని బ్లూస్ సెట్టులో ఆయన్ని పెట్టడం సరికాదని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం ఉండాల్సిన చోటే ఉందనిపించింది.

గుడ్ ఫ్రైడే కూటాలకి మా సెట్టు పోయే చర్చి పాస్టరు గారికి దీన్ని వినిపించాను. ఆయన చాలాసేపు తల వంచుకుని ఉండి, “సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలు చదివేటప్పుడు వెనక పెద్దవాళ్ళు ఇట్నే మూలుగుతారు సార్, మాట రాక” అన్నారు. నిజమే. ఆ కూటాల్లో నేను మైకు దగ్గరే ఉంటాను కాబట్టి ఆ శబ్దం నాకు తెలుసు. ప్రసంగం చేసేవారి మైకులోకి అది కూడా సన్నగా వస్తుంది. దాన్ని నేనెప్పుడూ తగ్గించలేదు.

1977లో అమెరికా వాళ్ళు పంపిన రెండు వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రికార్డులు పెట్టారు. భూమ్మీది సంగీతంలోంచి ఏరి పెట్టినవాటిలో ఈ పాట ఉంది. మన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి కూడా అందులో ఉంది. శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే మేడలెక్కి దక్షిణం వైపు చూసే ఊళ్ళు మనవి. ఈ విషయం మా షాపులో పనిచేసే పిల్లలకి చెప్తే పాటని ఇంకోసారి పెట్టించుకుని విన్నారు. ఆ పాడినాయన మాత్రం టెక్సస్‌లోని బోమాంట్‌లో ఇల్లు కాలిపోతే, ఆ కాలిన ఇంట్లోనే ఉండి, జబ్బు చేసి 1945లో పోయాడు.

ఈ పాటలో ప్లేటు గరగర మొదటి నుంచి చివరిదాకా ఉంది. సెట్టు వేసినవాళ్ళు దాని జోలికి పోలేదు, వాళ్ళకి నా దండాలు. ఎందుకంటే ఆ గరగరా, ఆయన గొంతులోని జీరా పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తియ్యబోతే రెండోది కూడా పోతుంది. ఇది యంత్రం గుణం. పాత ప్లేటు గరగర ఎక్కువగా ట్రెబుల్ వైపు ఉంటుంది. మాటలో ‘స’లు, ‘త’లు, ఊపిరి, తీగ మీద గోరు తగిలే చప్పుడు, ఇవన్నీ కూడా అక్కడే ఉంటాయి. ఫిల్టర్ పెట్టి పైభాగం కోసేస్తే నిశ్శబ్దం వస్తుంది, మనిషి వెళ్ళిపోతాడు.

అది ఎంత నష్టమో స్కిప్ జేమ్స్ పాటలో తెలుస్తుంది. ‘డెవిల్ గాట్ మై ఉమన్’, 1931లో విస్కాన్సిన్ రాష్ట్రం గ్రాఫ్టన్‌లో పారమౌంట్ కంపెనీకి ఆయన పాడిన పాట. ఈ పారమౌంట్ పుట్టుకే విచిత్రం. కుర్చీలు తయారుచేసే ఒక కంపెనీ గ్రామఫోను పెట్టెలు కూడా చెయ్యడం మొదలుపెట్టి, పెట్టెలు అమ్ముడుపోవాలంటే ప్లేట్లు ఉండాలి కదా అని రికార్డుల వ్యాపారంలోకి దిగింది. ప్లేట్లకి వాడిన సరుకు నాసిరకం. కొత్త ప్లేటే గరగరలాడేది. పైగా అది ఆర్థిక మాంద్యం కాలం, ప్లేట్లు కొన్నవాళ్ళు తక్కువ, మిగిలినవి ఇంకా తక్కువ. అట్లాంటి అరిగిపోయిన ప్లేటు నుంచే ఈ పాట తీసుకోవాలి, వేరే దారి లేదు. స్కిప్ జేమ్స్‌ది సన్నటి, పైస్థాయి గొంతు. వింటుంటే ఒళ్ళు జలదరించే గొంతు. ఈ సెట్టులో ఫిల్టర్ ఎంత బిగించారంటే దుప్పటి ముసుగేసుకుని పాడినట్టుంది. గిటారు మంద్రం ఒక్కటే బుమ్ముమని మిగిలింది. ఇదే పాట వేరేచోట గరగరతో సహా విన్నాను కాబట్టి ఏం పోయిందో నాకు తెలుసు. రెండో సీడీలో ఇంకో నాలుగైదు పాటలకి ఇదే గతి పట్టింది. ఒకదానికి ఏకంగా ఎకో కలిపారు. తొంభై ఏళ్ళనాటి చిన్న గదికి కల్యాణ మండపం గోడలు కట్టినట్టయింది ఆ పని.

ప్లేట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ కాలపు ప్లేట్లు లక్కతో చేసేవాళ్ళు. లక్క, రాతిపొడి, మసి కలిపి వేడిగా అచ్చులో నొక్కేవాళ్ళు. ప్రపంచానికి లక్క ఎక్కువగా పోయింది మన దేశం నుంచే, ఛోటానాగపూర్ అడవుల వైపు చెట్లమీద పురుగు పెట్టే లక్క. రెండో ప్రపంచయుద్ధంలో ఓడలు రాక లక్కకి కరువొస్తే, అమెరికాలో జనం దగ్గర పాత ప్లేట్లు పోగుచేసి కరిగించి కొత్తవి పోశారు. ఎంతమంది గొంతులు అట్లా కరిగిపోయాయో. ఈ సీడీలో ఉన్న ఒక్కో పాట ఆ కరువునీ, అటకల మీద చెదనీ, పిల్లల చేతుల్నీ తప్పించుకుని వచ్చింది. పది అంగుళాల ప్లేటు ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లర పట్టేది. అందుకే పాటలు దాదాపు అన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. చెప్పాల్సింది ఆ మూడు నిమిషాల్లో చెప్పెయ్యాలి.

బిల్లీ హాలిడే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ దగ్గర మాత్రం నాకు సెట్టు వేసినవాళ్ళ మీద కోపం వచ్చింది. 1939 ఏప్రిల్ 20న రికార్డయిన పాట. ఏబెల్ మీరోపోల్ అనే స్కూలు టీచరు రాశాడు. ఆ చెట్టుకి వేలాడేవి పళ్ళు కావు, తెల్లవాళ్ళు కొట్టి చంపి ఉరితీసిన నల్లవాళ్ళ శవాలు. ఆమె పాడే పెద్ద కంపెనీ కొలంబియా దీన్ని వెయ్యడానికి ఒప్పుకోలేదు. న్యూయార్కులో ఒక రికార్డుల షాపు నడిపిన చిన్న కంపెనీ కమొడోర్ వేసింది. మొదట ట్రంపెట్, తర్వాత పియానో, నిమిషం పైగా గొంతే వినపడదు. అప్పుడు ఆమె వస్తుంది. ఏడవదు, అరవదు. ప్రతి మాటనీ విడిగా, స్పష్టంగా, చూసింది చూసినట్టు చెబుతుంది. మైకుకి దగ్గరగా నిలబడి పాడటంలో ఆమె అంత గొప్పవాళ్ళు తక్కువ. 1985 జూలైలో దళితుల్ని చంపిన కారంచేడు అప్పటి మన ప్రకాశం జిల్లాలోనే ఉంది. ఆ రోజులు చూసినవాళ్ళకి ఈ పాట అర్థం కావడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

చివరి మాటని ఆమె పైకి లాగి తెంచేస్తుంది. ఈ సీడీలో అది తెగిన రెండు సెకన్లకే డాన్సు పాట ఒకటి అందుకుంటుంది! నలభై పాటల్ని వరస పెట్టినవాళ్ళు ఈ ఒక్కచోట చెవి పెట్టలేదు. దీన్ని సీడీ చివర పెట్టాల్సింది, లేదా కనీసం పది సెకన్లు ఖాళీ వదలాల్సింది. నేను ఈ పాట పెట్టినప్పుడల్లా రిమోట్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను, అది అవ్వగానే ఆపేస్తాను. మీరూ అట్లాగే చెయ్యండి.

రెండో సీడీలో వాద్యాల పాటలు ఎక్కువ. ఆర్మ్‌స్ట్రాంగ్ ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ (1928 జూన్ 28, షికాగో) మొదట్లో ట్రంపెట్ ఒక్కటే, ఏ తోడూ లేకుండా, పైకెక్కి దిగివచ్చే ఆ కొద్ది సెకన్ల గురించి ఎంతో రాశారు. నాకు ఇంకా నచ్చింది చివర. ఒక్క పైస్వరం పట్టుకుని, కదలకుండా, వణకకుండా నిలబెడతాడు. కింద మిగతావాళ్ళు నడుస్తూనే ఉంటారు. ఎంతసేపు? వినేవాడు ఊపిరి బిగబట్టుకునేంతసేపు. సన్నాయి వాయించే మా ఊరాయన ఇది విని, “బుగ్గలో గాలి దాస్తేగాని కుదరదు అన్నా” అన్నాడు. తర్వాత ఎర్ల్ హైన్స్ పియానో తీగలన్నీ విడివిడిగా వినపడేటట్టు వచ్చింది. ఈ పాటని వాళ్ళు బాగా చేశారు.

డ్యూక్ ఎల్లింగ్టన్ ‘మూడ్ ఇండిగో’ (1930) మా వృత్తివాళ్ళందరూ తప్పక వినాలి. మామూలుగా మూడు ఊదుడు వాద్యాలు కలిస్తే క్లారినెట్ పైన ఉంటుంది, ట్రాంబోన్ (గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పెద్ద బూర) కింద ఉంటుంది. ఎల్లింగ్టన్ దాన్ని తిరగేశాడు. మూత బిగించిన ట్రంపెట్ పైన, దాన్ని అంటుకుని మూత బిగించిన ట్రాంబోన్ తన పైస్థాయిలో, అన్నిటికన్నా అడుగున క్లారినెట్ మంద్రంలో. మూడూ మెల్లగా ఊదుతుంటే మధ్యలో ఎవరూ వాయించని నాలుగో స్వరం ఒకటి చెవికి తగులుతుంది. అప్పటి మైకులు ఎట్లా పలుకుతాయో చూసుకుని ఆయన ఈ అమరిక చేశాడని చెబుతారు. మైకు గుణాన్ని లోపం అనుకోకుండా దాన్నే వాద్యం చేసుకోవడం. ముప్ఫై ఏళ్ళుగా మైకుల మధ్య బతుకుతున్నవాణ్ణి, ఈ ఒక్క పాట కోసమైనా మూడొందల యాభై ఇస్తాను.

కోల్‌మన్ హాకిన్స్ ‘బాడీ అండ్ సోల్’ (1939) ఉంది. అసలు వరసని మొదట్లో కాస్త చూపించి, ఆ తర్వాత శాక్సఫోన్ మీద తన దారిన తాను వెళ్ళిపోతాడు. సిడ్నీ బెషే 1944లో క్లారినెట్ మీద వాయించిన ‘బ్లూ హొరైజన్’ ఉంది, దాంతోనే సెట్టు అయిపోతుంది. మంచి ముగింపు. లానీ జాన్సన్, ఎడ్డీ లాంగ్ గిటారు జంట పాట ఒకటుంది. లాంగ్ తెల్లవాడు. నల్లవాళ్ళ కోసం వేసే ప్లేట్ల మీద తెల్లవాడి పేరు వెయ్యకూడదని ‘బ్లైండ్ విల్లీ డన్’ అనే మారుపేరు వేశారు. రెండు గిటార్లు అంత కలిసి పలకడానికి అడ్డురాని సంగతి, కాయితం మీద పేర్లు కలవడానికి అడ్డొచ్చింది.

ఇక రైలు పాటలు. కావలి వాళ్ళకి రైలు అంటే పక్కనే బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉన్న రోజుల్లో ఆ కూతలు, ఆ దగ్గు, మాకు గడియారంతో పనుండేది కాదు. లెరాయ్ కార్ 1928లో పాడిన ‘హౌ లాంగ్, హౌ లాంగ్ బ్లూస్’లో ఒకడు, సాయంత్రం బండి వెళ్ళిపోయి ఎంతసేపయింది అని అడుగుతూ ఉంటాడు. ఎక్కి వెళ్ళిపోయింది ఎవరో మనకి వెంటనే అర్థమవుతుంది. పియానో కుంగిపోయి నడుస్తుంది, దాని మీద గిటారు విడి స్వరాలు. ఇది కూడా గరగర తియ్యకుండా వదిలారు, గొంతు పక్కనే కూర్చున్నట్టుంది. మీడ్ లక్స్ లూయిస్ ‘హాంకీ టాంక్ ట్రైన్ బ్లూస్’ (1927) మాత్రం ఒంటి పియానో మీద రైలు పరుగు. ఎడమచెయ్యి చక్రాలు, కుడిచెయ్యి కూత. ఇందులో దిగులు ఎక్కడా లేదు, ఈ సెట్టులో దీని పని లేదు. అయినా తీసెయ్యమని నేను చెప్పలేను. బిట్రగుంట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన మా మామ దీన్ని విని, ఎక్కడ వేగం మారిందో ఎక్కడ ఎక్కుడు వచ్చిందో చెప్పుకుంటూ పోయాడు.

దీన్ని పెద్ద సెట్టు మీద పెట్టొద్దు. మేము పెళ్ళిళ్ళకి కట్టే బాక్సుల మీద ఒకసారి పెట్టి చూశాను, బేసు ఉబ్బిపోయి గరగర ఇసుక పోసినట్టయింది. ఈ పాటలన్నీ ఒక్క చానలువి. రెండు స్పీకర్లు దూరంగా పెట్టినా ఉపయోగం లేదు. ఒక మంచి స్పీకరు, పాత వాల్వు రేడియోలో ఉండే పేపరు కోను రకం దొరికితే మరీ మంచిది, మనిషి తల ఎత్తులో పెట్టుకోండి. బేసు సున్నా దగ్గర, ట్రెబుల్ కొంచెం తగ్గించి, మాట్లాడే గొంతుకన్నా కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో. హెడ్‌ఫోను కన్నా గదిలో వింటేనే బాగుంటుంది. ఆ పాటలు గదిలోనే పుట్టాయి. పాటలు విడివిడిగా ఫోనులో అన్నీ దొరుకుతాయి, నిజమే. కానీ బెస్సీ తర్వాత విల్లీ జాన్సన్, ఆయన తర్వాత లెరాయ్ కార్, ఈ వరస మొదటి సీడీలో ఎవరో మనసు పెట్టి కూర్చిన వరస. అది మాత్రం ఇక్కడే ఉంది.

కొన్నవాళ్ళు పుస్తకంలోని ఖాళీ పేజీల్లో ఈ పేర్లు పెన్నుతో రాసుకోండి. నేనైతే రాసేశాను, మేష్టారు పక్కన కూర్చుని రాయించారు. ‘సెయింట్ లూయిస్ బ్లూస్’కి హార్మోనియం ఫ్రెడ్ లాంగ్‌షా, కార్నెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’కి పియానో ఎర్ల్ హైన్స్, క్లారినెట్ జిమ్మీ స్ట్రాంగ్, డ్రమ్స్ జూటీ సింగిల్‌టన్. ‘మూడ్ ఇండిగో’కి ట్రంపెట్ ఆర్థర్ వెట్‌సెల్, ట్రాంబోన్ జో నాంటన్, క్లారినెట్ బార్నీ బిగార్డ్. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’కి ట్రంపెట్ ఫ్రాంకీ న్యూటన్, పియానో సానీ వైట్. ‘హౌ లాంగ్’కి గిటారు స్క్రాపర్ బ్లాక్‌వెల్, పియానో లెరాయ్ కార్‌దే.